ఎరువు తెచ్చిన చక్రములు

విజయదశమినాడు మన పట్టణములలోని టాక్సీ స్టాండులను చూచువారికి కన్నులపండువుగా నుండును. తెల్లవారకముందే కార్లను కడిగి, పసుపు కుంకుమ లుంచి, బంతిపూల దండలు వైచి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, డ్రైవరులు తమ జీవనాధారమైన యంత్రమునకు నమస్కరింతురు. ఈ యాచారమును మేము పరిహసించువారము కాము. పనిముట్టును గౌరవింప నేర్చినవాడు పనిని గౌరవింప నేర్చును. కాని ఆ కారే ఏటికొక పర్యాయము మరియొక దినమున రవాణాశాఖవారి యెదుట నిలువవలసియుండును. ఆనాడు దానికి జరుగు అలంకారము వేరు. ఆ యలంకారమును గూర్చియే నేడు మేము నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మాకు పరిచయుడైన యొక టాక్సీ యజమాని కారు పదవయేట నడుచుచున్నది. మొన్న దాని యోగ్యతా పరీక్షకు ముందు రోజున ఆతడు నాలుగు టైర్లను ఒక దుకాణమున నొకదినపు అద్దెకు తెచ్చి తగిలించెను. వెనుక దీపమొకటి తోడి డ్రైవరు బండినుండి ఊడదీసి పెట్టుకొనెను. అగ్నిమాపక యంత్రమును, ప్రథమచికిత్స పెట్టెను పొరుగు బండి నుండియే బదులు తెచ్చెను. పరీక్షలో కారు గెలిచినది. సాయంకాలమునకు టైర్లు దుకాణమునకును, దీపము తోడివానికిని, పెట్టె పొరుగువానికిని చేరినవి. గుండు టైర్లు మరల కారునకు ఎక్కినవి. మరునాటి యుదయమున నొక కుటుంబమును, అందు ఇద్దరు పసిపిల్లలను, ఎక్కించుకొని ఆ కారు దూరప్రయాణమునకు పోయినది. యోగ్యతాపత్రము మాత్రము బండిలో భద్రముగా నున్నది. ఆ పత్రము చెప్పు కారు వేరు, ఆ పిల్లలు కూర్చున్న కారు వేరు.

ఎరువు సొమ్ము బరువుచేటు అని మన పెద్దలు చెప్పుదురు. పెండ్లికి నగలు ఎరువు తెచ్చుకొన్నవారు నవ్వులపాలగుటయే గాని ప్రాణములు పోగొట్టుకొనరు. చక్రములు ఎరువు తెచ్చుకొన్నవారి సంగతి అట్లు కాదు. ఇది ఒక్కని దోషమైనచో మేమిచ్చట ప్రస్తావింపకపోదుము. ఈ పని తప్పని తోపకపోవుటయే, పైగా ఇది యొక తెలివియని యెన్నబడుటయే మమ్ము కలవరపెట్టుచున్నది.

మోటారు బండ్లకు కట్టుబాటు మన దేశమున క్రొత్తగా వచ్చినది కాదు. 1914లో నొక చట్టమును, 1939లో మరియొక చట్టమును చేయబడినవి. బాడుగ బండ్లకు యోగ్యతాపత్రము 1939 నాటి చట్టముననే యున్నది. 1988లో చేయబడి 1989 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన చట్టము నేడు మనకు ఆధారము. దాని 56వ సెక్షను ప్రకారము యోగ్యతాపత్రము లేని బాడుగ బండికి రిజిస్ట్రేషనే చెల్లనట్లు భావింపబడును. నియమముల ప్రకారము 8 సంవత్సరములలోపు బాడుగ బండి రెండేండ్ల కొకమారును, 8 సంవత్సరములు దాటినది ఏడాదికొకమారును పరీక్షకు రావలెను. సొంతమునకు వాడుకొను కార్లకు 15 సంవత్సరములు నిండువరకు ఈ బాధ లేదు. ఆ పిమ్మట అయిదేండ్ల కొకమారు రిజిస్ట్రేషను మార్పించుకొనవలసినప్పుడు అవియు యోగ్యతను చూపవలసినవే.

ఈ వ్యవస్థలో నొక న్యాయమున్నది. బాడుగ బండి యెక్కువాడు దాని బ్రేకులను చూచి యెక్కడు, చూడలేడు. రైలుదిగి మూటతో నిలిచిన ముదుసలికి టైరు గాళ్ల లోతు కొలుచుట సాధ్యము కాదు. ఆ ముదుసలి బదులుగా ప్రభుత్వమువారు ఏటికొకనాడు క్రిందికి వంగి చూచుచున్నారు. యోగ్యతాపత్రమనగా, ఎక్కువానికి తెలియనిదానిని తెలిసినవాడొకడు చూచి యిచ్చిన మాట. ఆ మాటను కల్ల చేయువాడు మోసపుచ్చునది అధికారిని కాదు, ఆ ముదుసలిని.

పరీక్షించు అధికారికి మన ప్రజలు పెట్టిన పేరు ‘బ్రేకు ఇన్‌స్పెక్టరు’. సర్కారు కాగితములలో ఆయన మోటారు వాహనముల తనిఖీదారు. ప్రజల పేరే మాకు నచ్చినది. బండిలో వంద భాగము లుండగా జనులు బ్రేకునే యేరి పేరున పెట్టుటలో లోకజ్ఞానమున్నది. కదలని బండివలన కలుగునది నష్టము మాత్రమే. నిలువని బండివలన కలుగునది మరణము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకండులో 22 మీటర్లు దాటిపోవును. పాతబడిన బ్రేకు ఒక సెకండు ఆలస్యముగా పట్టిన యెడల, ఆ 22 మీటర్లలో నెవ్వరు నడచుచున్నారో వారే ఆ యాలస్యమునకు మూల్యము చెల్లింతురు.

ఇక పాతకారును పరీక్షకు సిద్ధము చేయుట యెట్లు? పరీక్షకు నెలనాళ్ల ముందే ఆ పని ఆరంభింపవలెనని మా మొదటి మాట. ముందటి రాత్రి షెడ్డునకు తోలిన బండికి మేస్త్రీ చేయగలిగినది పైపూత మాత్రమే. నెల గడువున్నచో దోషము తెలియును, సామాను దొరకును, ఖర్చు రెండు మూడు వాయిదాలుగా పంచుకొనవచ్చును, మార్చిన భాగము కుదురుకొన్నదో లేదో నడిపి చూచుకొనవచ్చును.

మొదట బ్రేకులు. ఇంజను ఆపి పెడలును నాలుగైదు మార్లు త్రొక్కి, గట్టిగా త్రొక్కిపట్టి, అప్పుడు ఇంజను నడిపింపవలెను. పెడలు కొంచెము క్రిందికి దిగిన యెడల బ్రేకునకు సహాయమిచ్చు బూస్టరు పనిచేయుచున్నట్లు. త్రొక్కిపట్టిన పెడలు మెల్లమెల్లగా నేలకు దిగిపోవుచుండిన యెడల ఎక్కడనో నూనె కారుచున్నదనియో, మాస్టరు సిలిండరు లోపల వదులైనదనియో గ్రహింపవలెను. వెనుక చక్రముల లోపలివైపున తడియున్నదేమో చూడవలెను. ముందు ప్యాడ్లను, వెనుక లైనర్లను విప్పి చూడక బాగున్నవనుట వట్టిమాట. చదునైన ఖాళీ రోడ్డున నెమ్మదిగా పోవుచు బ్రేకు వేసినప్పుడు కారు ఒక ప్రక్కకు లాగిన యెడల రెండువైపుల పట్టు సమముగా లేదన్నమాట. చేతిబ్రేకు వేసిన కారు వాలున కదలక నిలువవలెను.

బ్రేకు నూనెను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది, ఏలన దీనిని తలచువారు అరుదు. ఈ నూనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. రెండేండ్లు గడచునప్పటికి అందు నీరు చేరి, అది మరుగు వేడి తగ్గిపోవును. ఊరిలో తిరుగునప్పుడు ఈ లోపము తెలియదు. తిరుమల కొండ దిగునప్పుడు తెలియును. 1944లో తెరచిన మొదటి ఘాట్‌రోడ్డే నేడు దిగువారి దారి. మలుపు మలుపునకు బ్రేకు వేయుచు దిగు బండిలో నూనె కాగి ఆవిరియైనచో పెడలు మెత్తబడి, త్రొక్కినను పట్టు దొరకదు. దర్శనము చేసికొని వచ్చు యాత్రికులతో నిండిన కారునకు ఆ గతి పట్టుట తలచుకొనుటకే భయము గొల్పును. రెండేండ్ల కొకమారు నూనె మార్చుట బహు స్వల్పమైన ఖర్చు. క్రిందిగేరులో దిగుట ఖర్చేలేని జాగ్రత్త.

రెండవది స్టీరింగు. ముందు చక్రమును జాకీపై లేపి, పైనను క్రిందను పట్టి ఊపి చూడవలెను. అట్లు కదలిన యెడల బేరింగునందో, బాల్‌జాయింటునందో అరుగుదల యున్నది. కుడియెడమల పట్టి ఊపినప్పుడు కదలిన యెడల టై రాడ్డు కొనలు వదులైనవి. స్టీరింగు చక్రము కొంతదూరము ఊరక తిరిగి, పిమ్మటగాని ముందుచక్రములు తిరుగకపోవుట పాతకార్ల సామాన్యవ్యాధి. డ్రైవరు దానికి అలవాటుపడి ‘నా చేతికి వచ్చిన బండి’ యనుచుండును. చేతికి వచ్చినది బండి కాదు, దాని రోగము.

మూడవది టైర్లు. కార్లకు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నియమము. దీనికి కొలబద్ద వెదుకనక్కరలేదు. గాళ్ల అడుగున అక్కడక్కడ చిన్న గట్టులు కంపెనీవారే పెట్టియుంచెదరు. టైరు అరిగి ఆ గట్టులతో సమమైనచో దాని కాలము తీరినదని తెలియవలెను. టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెలు అది పుట్టిన వారమును, సంవత్సరమును చెప్పును. 2319 అని యున్న యెడల 2019వ సంవత్సరమున 23వ వారము. గాళ్లు మిగిలియున్నను, ఏండ్ల తరబడి ఎండకు ఎండి ప్రక్కల పగుళ్లు వారిన టైరు నమ్మదగినది కాదు. లోపలి అంచు మాత్రమే అరిగిన యెడల దోషము టైరునందు లేదు, చక్రముల అమరికయందున్నది. దానిని సరిచేయింపక క్రొత్త టైరు వేయుట చిల్లుకుండలో నీరు పోయుటయే. వైశాఖ జ్యేష్ఠములలో రోడ్డు పెనమువలె కాలుచుండగా గాలి తక్కువైన పాతటైరు ఎప్పుడు పగులునో యెవ్వరును చెప్పజాలరు. స్టెప్నీకిని ఈ మాటలే వర్తించును.

నాలుగవది దీపములు. పాతకార్ల హెడ్‌లైటు అద్దములు పసుపువారి మసకబారును. వానిని మెరుగుపట్టించుటకు మారుగా, వెలుగు చాలదని కండ్లు జిగేలుమనిపించు తెల్లని బల్బులను పెట్టించుచున్నారు. దానివలన ఎదుటివానికి చూపు పోవును, తనకును వెలుగు చెదరిపోవును. సాయంకాలము గోడయెదుట కారు నిలిపి, రెండు దీపముల వెలుగు ఒకే యెత్తున, కొంచెము క్రిందికి వాలి పడుచున్నదేమో చూచుకొనవచ్చును. ఇండికేటర్లు, బ్రేకుదీపములు, వెనుకకు పోవునప్పటి దీపము, నంబరుపలక దీపము, రిఫ్లెక్టర్లు, వైపర్లు, హారను, అద్దములు, స్పీడు చూపు ముల్లు, సీటుబెల్టులు—ఇవన్నియు ఇంటియొద్దనే ఒక గంటలో చూచుకొనదగినవి. పలురాగములు పలుకు హారను నియమవిరుద్ధము, దానిని తీసివేయుట మేలు.

అయిదవది పొగ. భారత్ స్టేజి నాలుగవ తరగతి పెట్రోలు కారునకు, నిలిచి నడుచు ఇంజనునుండి వెడలు కార్బన్ మోనాక్సైడు నూటికి 0.3 భాగమునకు మించరాదు. ఎనిమిదేండ్లు దాటి నేడు బాడుగకు తిరుగు పెక్కు కార్లు ఈ తరగతివే. గాలి ఫిల్టరు మూసికొనిపోయినను, ప్లగ్గులు అరిగినను, పొగగొట్టమందలి సెన్సరు చెడినను లెక్క తప్పును. చల్లని యింజనుతో పరీక్షకు నిలుపరాదు. పది పదునైదు నిమిషములు నడిపి వేడెక్కనిచ్చి చూపవలెను. సైలెన్సరునకు చిల్లు లుండరాదు. ఆ చిల్లు చప్పుడునకే గాక, లోపల కూర్చున్నవారి యూపిరికిని సంబంధించినది.

ఆరవది శరీరము. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీరపు పట్టణములలోని కార్లకు ఉప్పుగాలి శత్రువు. తలుపుల క్రింది గడపలు, పాదములు పెట్టు నేల, జాకీ ఆనించు చోటు మొదట తుప్పు పట్టును. టింకరింగు చేసి రంగు పూసినచో పైకి కనబడదు. మన సామెతలో చెప్పినట్లు పైన పటారము, లోన లొటారము. తుప్పు తినివేసిన యినుమును కోసి క్రొత్తరేకు అతికించుట యొక్కటే మార్గము. ఇంతయైన పిమ్మట కాగితములు. రిజిస్ట్రేషను, భీమా, పన్ను, పర్మిటు, పొగపత్రము, బకాయిపడిన చలానులు—వీనిని వారము ముందే సరిచూచుకొనవలెను. చాసిస్ నంబరుపై మట్టి, గ్రీజు తుడిచియుంచిన యెడల పెన్సిలుతో దాని ముద్ర తీయునప్పుడు తికమక యుండదు.

ఈ పట్టిక చదివి ‘ఇదంతయు ఉన్నవారి మాట’ యని మా టాక్సీ సోదరు లనవచ్చును. వారి కష్టము మే మెరుగుదుము. కారు ఒకదినము నిలిచిన యెడల ఆనాటి సంపాదన పోవును, అప్పు వాయిదా మాత్రము నిలువదు. నాలుగు క్రొత్తటైర్లు ఒక్కమారుగా కొనవలసినవానికి అది కొన్ని వారముల కూలి. కాని లెక్క తుదివరకు వేసి చూడవలెను. రోడ్డుపైన పగిలిన టైరును ఏ యూరిలో నున్నను ఏ ధరకైనను కొనవలసినదే. అరిగిన ప్యాడును మార్పక పోయినవాడు పిమ్మట డిస్కునుగూడ మార్చును. అద్దెటైర్లకు, దళారికి పోయు సొమ్ము ఏటేట పోవుచునే యుండును, దానివలన బండికి చేరునది శూన్యము. ఏటి ఖర్చును నెలనెలకు విడదీసి, రోజు సంపాదనలో కొంచెము ప్రత్యేకముగా కూడబెట్టుట ఒక్కటే మాకు తోచిన మార్గము. టాక్సీ స్టాండులందలి సంఘములు ఇందుకై చందా వేసికొని, మంచి జాకీ, గాలికొలత, దీపముల నమర్చు సాధనము ఉమ్మడిగా కొనియుంచుకొనిన యెడల ఎంతయో మేలు. దసరాపూజకు చందా లెత్తగలవారికి ఇది యసాధ్యము కాదు.

మరియొక యాక్షేపణ కలదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరి. అందు అధికభాగమునకు అతివేగమే కారణమని ప్రభుత్వ నివేదికయే చెప్పుచున్నది. అట్టిచో బండి లోపములను గూర్చి యింత గొడవ యేల యందురు. వేగము ప్రధానదోషమని మే మొప్పుకొందుము. కాని పొరపాటున వేగము మించినవాడు ఆ పొరపాటును దిద్దుకొనుటకు చేతనున్న సాధన మేది? బ్రేకు, స్టీరింగు, నేలను పట్టు టైరు. ఈ మూడును బాగున్నవానికి తప్పు దిద్దుకొను అవకాశ మున్నది. ఇవి చెడినవానికి మొదటి తప్పే కడపటి తప్పగును.

ఇంతవరకు బండివారి ధర్మము చెప్పితిమి. పరీక్షించువారి ధర్మమును చెప్పక విడిచితిమేని మా వ్రాత యేకపక్షమగును. ఎరువు చక్రముల వ్యాపారము ఇంతగా సాగుచున్నదన్న అందుకు కారణము యజమానుల కపటము మాత్రమే కాదు. బాగుగానున్న బండిని గూడ ఏదో వంకతో త్రిప్పిపంపుదురనియు, చెడిన బండియైనను దళారి చేతిమీదుగా వచ్చినచో కన్నెత్తి చూడరనియు జనులలో నొక నమ్మకము వ్యాపించియున్నది. ఈ నమ్మకము ఏ కొన్నిచోట్లనైనను నిజమైనంతకాలము, బండిని బాగుచేసికొనుటకంటె దారి బాగుచేసికొనుటయే లాభమని యెవ్వడైనను తలచును. నిజాయితీగా బాగుచేసికొన్నవానికి ఏ మేలును లేనిచోట నిజాయితీ యెట్లు నిలుచును?

ఇందుకు మందు చట్టముననే యున్నది. యోగ్యతాపత్రము నిరాకరించినచో అందుకు కారణములను వ్రాతమూలముగా యజమానికి తెలుపవలెనని 56వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. ఈ హక్కు తమకున్నదని ఎందరు డ్రైవరు లెరుగుదురు? ‘రేపు రమ్ము’ అను మాట నిరాకరణ కాదు. ‘ఎడమ వెనుక బ్రేకు పట్టుట లేదు’ అని వ్రాసి చేవ్రాలు చేయుట నిరాకరణ. మొదటిదానికి దళారి సమాధానము చెప్పును, రెండవదానికి మేస్త్రీ సమాధానము చెప్పును. చదువు వచ్చిన పట్టణవాసులు, పఠనమందిరములలో ఈ పత్రికను చదువు యువకులు, తమ వీధిలోని డ్రైవరులకు ఈ యొక్క విషయమును విశదపరచినను గొప్ప యుపకారము.

అదే సెక్షనులో మరియొక మాటయు కలదు. బండి నియమములకు తగినట్లు లేదని తోచిన యెడల, కారణములు వ్రాసి, ఇచ్చిన యోగ్యతాపత్రమును ఎప్పుడైనను రద్దుచేయు నధికారము ప్రభుత్వమువారికున్నది. అనగా పత్రము ఏడాది పొడుగున లోపములకు ఇచ్చిన మన్నింపు కాదు. పరీక్షనాటి స్థితి ప్రతిదినము నుండవలెననుటయే దాని యర్థము. నడుమ అప్పుడప్పుడు స్టాండులయొద్ద ఆకస్మికముగా టైర్లను దీపములను చూచిన యెడల అద్దెటైర్ల దుకాణములు వానియంతట అవియే మూతపడును.

బ్రిటనులో ఈ పరీక్ష 1960లో ఆరంభమైనది. మొదట పదేండ్లు దాటిన బండ్లకు బ్రేకులు, దీపములు, స్టీరింగు మాత్రమే చూచుచుండిరి. 1967నాటికి మూడేండ్లు దాటిన కార్లన్నింటికిని ఏటేట పరీక్ష విధింపబడెను. 2018 నుండి అచ్చట లోపములను అపాయకరములు, పెద్దవి, చిన్నవి యని విభజించి వ్రాసి యిచ్చుచున్నారు. ఇప్పటికి ఫరవాలేకున్నను ముందు ముందు కనిపెట్టియుండవలసినవానిని వేరుగా సూచింతురు. కారు నంబరు తెలిసినవాడెవ్వడైనను దాని పూర్వపరీక్షల ఫలితములను చూడవచ్చును. పరదేశమువారు చేసినదంతయు మనకు ప్రమాణమని మేమనము. కాని ఫలితమును దాపరికము లేక బయటపెట్టుట అను పద్ధతి ఏ దేశమునకైనను మంచిదే. బాడుగ కారెక్కువాడు దాని నంబరునుబట్టి బ్రేకుల చరిత్రను చదువగలిగిననాడు అద్దెటైర్లకు గిరాకి యుండదు.

2021లో కేంద్రప్రభుత్వమువారు పాతబండ్లను తుక్కుచేయు విధానమును ప్రకటించి, మనుష్యుని చూపునకు బదులు యంత్రములచే పరీక్షించు కేంద్రములకు నియమములు చేసిరి. బ్రేకుపట్టును రోలర్లపై కొలుచుట, స్టీరింగు కీళ్ల వదులును కనిపెట్టుట, దీపముల కోణమును చూచుట యంత్రములు పక్షపాతము లేక చేయగలవు. దీనిని మేము స్వాగతించుచున్నాము. అయినను యంత్రము పలుకునదానిని వ్రాయు చేయి మనుష్యునిదే. కేంద్రము దూరమై, వరుస పెద్దదై, ఒక పరీక్షకు రెండు దినముల సంపాదన పోయిన యెడల, దళారి ఆ కేంద్రము గుమ్మమునకే మకాము మార్చును. ప్రతి జిల్లాలోను చాలినన్ని కేంద్రములుండవలెను, ఇచ్చిన వేళకు పరీక్ష జరుగవలెను, తప్పిన బండి దిద్దుకొని మరల వచ్చుటకు సులభమైన దారి యుండవలెను. వయస్సునుబట్టి కాక స్థితినిబట్టి బండిని తూచవలెను. శ్రద్ధగా చూచుకొన్న పదునాలుగేండ్ల కారు, నిర్లక్ష్యము చేసిన నాలుగేండ్ల కారుకంటె మేలని ఏ మేస్త్రీనడిగినను చెప్పును.

కడపట ఎక్కువారి మాట. మనము కారు కుదుర్చుకొనునప్పుడు బాడుగ ఎంత, ఏసీ యున్నదా యని యడుగుదుము. టైర్లవైపు చూచువా రెందరు? పెండ్లివారు పది కార్లు మాటలాడుకొనునప్పుడు, బడిపిల్లలను పంపుటకు తల్లిదండ్రులు బండి యేర్పాటు చేయునప్పుడు, నూరురూపాయలు తగ్గించువానినే పిలుతురు. ఆ తగ్గింపు ఏ భాగమునుండి వచ్చినదో ఆలోచింపరు. బ్రేకునూనె మార్చువానికి ఆ ఖర్చు గిట్టు బాడుగ నీయక, బండి బాగుండలేదని పిమ్మట నిందించు హక్కు మనకు లేదు. ఎక్కబోవుముందు ఒక్కమారు చుట్టు తిరిగి నాలుగు చక్రములను చూచి, ‘టైర్లు మార్చవలసియున్నవి, అన్నా’ యని మర్యాదగా చెప్పువారు పదిమంది తగిలిన యెడల, పదునొకండవవాడు వచ్చునప్పటికి టైర్లు మారియుండును.

పైని చెప్పిన యజమానిని మేము మరల కలిసికొన్నాము. ‘ఏమయ్యా, ఆ పిల్లలు నీ పిల్లలే యైనచో ఆ టైర్లతో పంపుదువా?’ యని యడిగితిమి. ఆతడు కొంతసేపు మాటలాడలేదు. ‘మా పిల్లలును ఆ బండిలోనే బడికి పోవుదురండి’ యని మెల్లగా ననెను. ఈ ప్రత్యుత్తరమునకు మేము సిద్ధపడియుండలేదు. ఆతడు పరులను మోసగించుచున్నాడని మేము తలచితిమి. ఆతడు తన్ను తానే, తన పిల్లలనే, మోసగించుకొనుచుండెను. గడచిన వారము ముందుచక్రములకు రెండు క్రొత్తటైర్లు వేయించెనట. తక్కిన రెండును పండుగలోపల వేయింతునని చెప్పినాడు.

వచ్చు దసరానాడు టాక్సీ సోదరులు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టునప్పుడు ఒక్కమారు వంగి ఆ చక్రములనుగూడ చూతురుగాక. అవి తమవేనా, ఎరువు తెచ్చినవా యని తమ్ము తామే ప్రశ్నించుకొందురుగాక. పరీక్షించువారును ఆ ప్రశ్ననే, అందరిని ఒకే తీరున, అడుగుదురుగాక. పరీక్ష ఏటి కొకనాడు, ప్రయాణము ప్రతిదినము. ప్రతిదినమునకును సిద్ధముగా నున్న బండికి ఆ యొక్కనాటిని గూర్చి భయపడవలసిన పనిలేదు.